చేయి తాకని సన్మానము

మన యింటనున్న వృద్ధుల అవసరములను లెక్కింపుమని ఎవరైన అడిగినచో మనము తడుముకొనము. వేళకు అన్నము, రోగమునకు మందు, చలికి దుప్పటి, నడకకు చేతికఱ్ఱ, చేతిఖర్చునకు కొంత పైకము, ఆదివారమున ఆలయమునకు తీసికొనిపోవుటకు ఒక తోడు. వీటిని సమకూర్చువారు తమ ధర్మము నెరవేరినదని తలంతురు. లోకమును వారిని మెచ్చుకొనును. అయితే ఈ జాబితాలో చోటు దొరకని ప్రశ్న యొకటి కలదు. ఆ తల్లి చేతిని ఎవరైన ప్రేమతో పట్టుకొని ఎన్ని దినములైనది? ఆ తండ్రి భుజముపై చేయివేసి మాటలాడినవారు ఈ నెలలో ఒక్కరైన ఉన్నారా?

ఇట్టి ప్రశ్న అడుగుటకే మనకు సంకోచము. స్పర్శ పసిబిడ్డలకు కావలసినది, దంపతులకు తగినది. తల నెరసినవారు దానిని దాటి వచ్చిరని మన తలంపు. వృద్ధులును అట్లే తలంచి ఆ కొరతను నోరు విప్పి చెప్పరు. ఆకలియైనచో అన్నము పెట్టుమని అడుగగలరు; నొప్పియైనచో మందు తెమ్మనగలరు. “కాసేపు నా యొద్ద కూర్చుండి నా చేయి పట్టుకొనుము” అని అడుగుటకు డెబ్బది యేండ్ల మనిషికి నోరు రాదు. అడుగలేని అవసరము గనుక అది తీరని అవసరముగా మిగిలిపోవుచున్నది. కావున విశ్వాసి యెదుట నిలుచు ప్రశ్న యిది: సమస్తమును సమకూర్చి, చేరువను మాత్రము ఇయ్యకుండుట తలిదండ్రులను సన్మానించుట యగునా?

మెల్లగా దూరమైన చేతులు

ఈ కొరత సాధారణముగా ఎవరి క్రూరత్వమువలనను పుట్టినది కాదు. పూర్వము మన యిండ్లలో స్పర్శ ప్రేమ యను పేరుతో రాలేదు, పని యను పేరుతో వచ్చెను. తలంటుపోయు చేయి, చిక్కుతీసి జడవేయు చేయి, తాత కాళ్లు పట్టుమని పంపబడిన మనుమడు, మామ్మ వీపు రుద్దు మనుమరాలు, బిడ్డ బుగ్గలు పుణికి మెటికలు విరుచు అవ్వ — వీరిలో ఎవరును తాము ఒకరి ఒంటరితనమును పోగొట్టుచున్నామని తలంచలేదు. పని జరిగినది, దానితోపాటు చేరువయు కలిగినది. ఆ కాలమంతయు బంగారమని చెప్పుట నా ఉద్దేశము కాదు. భర్తను పోగొట్టుకొనిన స్త్రీని శుభకార్యములకు ఎదురు రానీయక మూలకు నెట్టిన ఇండ్లును ఆనాటివే. అయినను అరమరిక లేని చేతులు ఆనాడు ఇంటిలో ఎక్కువగా తిరుగాడుచుండెను.

ఇప్పుడు ఆ పనులు ఒక్కొక్కటిగా తొలగిపోయినవి. జీవిత భాగస్వామి మరణముతో నలువది యేండ్లు ప్రక్కనుండిన చేయి లేకపోవును. కుమారుడు హైదరాబాదుననో బెంగళూరుననో, కుమార్తె అమెరికాలోనో స్థిరపడుదురు. మనుమలు ఎదిగి, ఒడిలో కూర్చుండు వయస్సు దాటుదురు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు మించియుండిరి. వీరిలో అనేకులకు బిడ్డల ముఖములు ఫోను తెరమీద దినదినము కనబడుచున్నవి. అది దేవుని ఉపకారమే. ఉత్తరము కొరకు నెలలు కాచుకొనిన తరమువారు దాని విలువ నెరుగుదురు. కాని ఆ తంత్రము కంటిని చేర్చును, చెవిని చేర్చును, చేతిని చేర్చదు. మాట ముగిసి తెర చీకటియైన పిమ్మట గదిలో నున్నది మునుపటివలెనే ఒక్క మనిషియే.

వయస్సు పెరిగినకొలది ఈ అవసరము తరుగునని మనము తలంచుట సరికాదు. మన చర్మములో వస్తువుల ఆకారమును, గరుకుదనమును తెలుపు నరములు గాక, మెల్లని నిమురుటకు ప్రత్యేకముగా స్పందించు సన్నని నరములు వేరుగా ఉన్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్షణమునకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వరకు కదలు వెచ్చని చేతికి, అనగా తల్లి బిడ్డను నిమురు వేగమునకు, అవి బాగుగా మేలుకొనును. స్వీడన్ దేశపు పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము వృద్ధాప్యములో స్పర్శయొక్క సూక్ష్మజ్ఞానము తగ్గినను, మృదువైన స్పర్శవలన కలుగు హాయి తగ్గలేదు, పైగా పెరిగినది. సూదిలో దారము ఎక్కింపలేని వ్రేళ్లు, తమ్మును పట్టుకొనిన చేతిని మాత్రము మరువలేదన్నమాట.

2020లో లోకమంతయు ఈ సత్యమును చూడవలసివచ్చెను. ఆ యేడు ఆగస్టు 5న బ్రెజిలు దేశమందలి సావో పాలో నగరములోని ఒక వృద్ధాశ్రమములో, పలుచని ప్లాస్టిక్ తెర నడుమనుండగా, ఒక నర్సు 85 ఏండ్ల వృద్ధురాలిని కౌగిలించుకొనెను. అంటువ్యాధి భయముచేత ఐదు నెలలుగా ఆమెను ఎవరును అట్లు కౌగిలించుకొనియుండలేదు. డెన్మార్కు దేశస్థుడైన మాడ్స్ నిస్సెన్ తీసిన ఆ చిత్రము 2021లో ఆ యేటి ప్రపంచ పత్రికా చిత్రముగా ఎన్నిక చేయబడెను. ఆ వృద్ధురాలికి ఆ ఐదు నెలలును ఆశ్రయముండెను, సంరక్షణముండెను. లేనిదేమో ఆ చిత్రమును చూచినవారికి ఎవరును విప్పి చెప్పనక్కరలేకపోయెను.

అట్లని స్పర్శను మందుగా లెక్కించుటయు పొరపాటే. అది మందు మాత్రమే యైనచో యంత్రము చేతను ఇప్పింపవచ్చును. జపానులో సీలు పిల్లవలె బొచ్చుతో చేసిన ‘పారో’ అను యంత్రమును వృద్ధాశ్రమములలో వాడుచున్నారు. నిమిరినచో అది కదలును, కూయును. దానివలన కొందరు వృద్ధులు ఊరట పొందుచున్నారు. దానిని ఎగతాళి చేయుట మనకు తగదు. కాని ఆ బొచ్చు వెనుక ఎవరును లేరు. మనము కోరునది చర్మమునకు హాయి మాత్రమే కాదు. మన యొద్దకు రావలెనని ఒకరు నిర్ణయించుకొనిరి అను నిశ్చయము. దానిని మనిషి మాత్రమే ఇయ్యగలడు.

సన్మానము అను మాటలోని బరువు

తండ్రిని తల్లిని సన్మానింపుమని మనకు బోధించు ఆజ్ఞలో (నిర్గమ 20:12) హెబ్రీ భాషయందు వాడబడిన క్రియకు మూలార్థము బరువు. సన్మానించుట యనగా ఒకరిని బరువుగలవారినిగా ఎంచుట. దానికి వ్యతిరేకమైన మాట తేలికగా చూచుటను తెలుపును; తలిదండ్రులను శపించుటను గూర్చిన నిషేధములో (నిర్గమ 21:17) ఆ మాటయే కలదు. అనువాదకునికి ఇచ్చట ఆశ్చర్యము కలుగును. ఏలయనగా మన భాషయు ఇట్లే ఆలోచించినది. గౌరవము అను మాట గురు అను శబ్దమునుండి పుట్టినది. గురు వనగా బరువైనది. చులకన యనగా తేలికదనము, అవమానమును అదే.

బరువు అనునది ఎట్లు తెలియును? చూచినంత మాత్రమున తెలియదు, వినినంత మాత్రమున తెలియదు. చేతితో ఎత్తిననే తెలియును. జబ్బుపడిన తల్లిని మంచముపైనుండి లేవదీసిన కుమారునికి ఆమె ఎంత తేలికైపోయెనో ఒక్కసారిగా తెలిసివచ్చును. నెలనెల పంపు పైకములో ఆ జ్ఞానము లేదు. పైకము పంపుటలో తప్పులేదు. దూరదేశమున కష్టించి పంపువాని ప్రేమను నేను శంకింపను. అయితే ప్రేమ చేరువను కోరవలసినచోట పైకము దానికి బదులుగా నిలిచినప్పుడు, ప్రభువు పరిసయ్యులతో మాటలాడిన కొర్బాను సంగతి (మార్కు 7:9-13) మనకు జ్ఞాపకము రావలెను. వారు తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనిరి. మన దినములలో తలిదండ్రులకు చెందవలసిన సమయము ఉద్యోగమునకు అర్పితము, పిల్లల చదువులకు అర్పితము; ఒక్కొక్కప్పుడు, సిగ్గుతో చెప్పవలసినదేమనగా, సువార్త సేవకే అర్పితము.

మన ప్రభుత్వము 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమముల నిమిత్తము ఒక చట్టము చేసెను. దాని ప్రకారము పోషింపని బిడ్డలు నెలకు 10,000 రూపాయలకు మించని భరణము చెల్లింపవలెనని ట్రిబ్యునలు ఆజ్ఞాపింపవచ్చును. తమ సంరక్షణలోని వృద్ధులను విడిచిపెట్టివేసినవారికి మూడు నెలల చెరయైనను, 5,000 రూపాయల జుల్మానాయైనను, రెండునైనను విధింపవచ్చును. ఇది మంచి చట్టము, దిక్కులేనివారికి దిక్కు. కాని దాని చేయి ఎంతవరకు చాచగలదో చూడుడు. అన్నమును ఇప్పించును, నీడను ఇప్పించును. తల్లి నుదుటిమీద చేయి వేయుమని ఏ ట్రిబ్యునలును ఉత్తరువు వ్రాయదు, వ్రాయనును రాదు. చట్టము నిలిచిపోవు చోటున ఆజ్ఞ మనలను ఇంకను ముందుకు రమ్మనుచున్నది.

ఆజ్ఞాపింపదగినదా?

ఇచ్చట ఆలోచనాపరుడైన చదువరి అడ్డుచెప్పవచ్చును. స్పర్శ ప్రేమకు గురుతు. ప్రేమ హృదయమునుండి రావలెను. ధర్మము కొరకు పట్టుకొనిన చేయి వట్టి నటన గదా? పైగా బలవంతపు స్పర్శ పాపము. కొందరు వృద్ధులు ముట్టుకొనుటను ఇష్టపడరు. మన దేశములో స్త్రీ పురుషుల నడుమ మర్యాద హద్దులును ఉన్నవి. ఇట్టి విషయమును ధర్మముగా బోధింపవచ్చునా?

ఈ అభ్యంతరము బలమైనది. దానికి వేదములోనే సాక్ష్యము కలదు. దావీదు వృద్ధుడై ఎన్ని వస్త్రములు కప్పినను వెట్ట పుట్టకయున్నప్పుడు (1 రాజులు 1:1-4), సేవకులు దేశమంతట వెదకి అబీషగు అను చిన్నదానిని తెచ్చి రాజునకు పరిచర్య చేయ నియమించిరి. దేహమునకు వెచ్చదనము కావలెనని వారు సరిగానే గ్రహించిరి. కాని ఆ చిన్నదాని యిష్టమును ఎవరైన అడిగిరని అచ్చట వ్రాయబడలేదు. దావీదు మరణించిన పిమ్మట ఆమెనే అదోనీయా భార్యగా కోరగా, అది సింహాసనమునకు సంబంధించిన తగవుగా మారెను. ఆమె నోట పలికిన మాట ఒక్కటియు ఆ గ్రంథములో లేదు. ఇంతకును ఆ రాజునకు కుమారులు లేరా? అనేకులుండిరి. ఆ అధ్యాయములో వారు రాజ్యము కొరకు తొందరపడుట కనబడునే గాని, తండ్రి మంచము ప్రక్కన కూర్చుండుట కనబడదు. కొడుకులు ఇయ్యని చేరువను పరాయి బిడ్డనుండి అధికారముతో తీసికొనిరి. ఒకరి అవసరము ఎంత నిజమైనదైనను, మరియొకరిని పనిముట్టుగా చేయుటకు అది హక్కు కాదు. జీతమునకు వచ్చి వృద్ధులకు స్నానము చేయించు స్త్రీలపట్ల మనము ఈ మాట మరువరాదు.

అయితే దీనివలన తేలునదేమి? స్పర్శను ఆజ్ఞాపింపరాదు, నిజమే. చేరువను ఆజ్ఞాపింపవచ్చును. వెళ్లుట, కూర్చుండుట, తొందరపడకుండుట, అవతలివారి ముఖమును గమనించుట — ఇవి మన చిత్తమునకు లోబడు పనులు. ఆ చేరువలోనుండి స్పర్శ తన వేళకు తానే పుట్టును; పుట్టనిచో చేరువయే చాలును. తొలుత ధర్మముగా కూర్చుండినవాడు పది వారములు గడచునప్పటికి ప్రేమతో కూర్చుండుట మనమెరుగని సంగతి కాదు. హృదయము చేతులను నడిపించుట యెంత నిజమో, చేతులు హృదయమును నడిపించుటయు అంత నిజము.

మరియు స్పర్శలన్నియు ఒక్కటి కావు. జనసమూహము ప్రభువుమీద పడుచు ఆయనను ఇరికించుచుండగా, తన్ను ముట్టినది ఎవరని ఆయన అడిగెను. శిష్యులకు ఆ ప్రశ్న వింతగా తోచెను (లూకా 8:43-48). అన్ని దేహముల ఒత్తిడిలో ఒక్క స్త్రీ స్పర్శను ఆయన వేరుగా గుర్తించెను. వృద్ధులకును ఈ భేదము తెలియును. రక్తపోటు చూచు పట్టీ, సూది గ్రుచ్చు చేయి, చొక్కా తొడిగి తొందరగా వెడలిపోవు చేయి, ఇవన్నియు దేహమును తాకును. అవి అవసరమే. కాని మంచమున పడియుండిన మనిషిని దినమునకు పదిసార్లు తాకియు ఒక్కసారియు ముట్టకుండుట సాధ్యమే. చొక్కా తొడిగిన చేయియే భుజముమీద ఒక్క నిమిషము నిలిచినచో అది వేరొక స్పర్శ యగును. దానికి ఎక్కువ కాలము పట్టదు. మనసు ఆ గదిలో ఉండవలెను.

అంటరానితనము నెరిగిన సంఘము

ఈ విషయములో తెలుగు సంఘమునకు ప్రత్యేకమైన జ్ఞాపకమొకటి కలదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు ఊరు ముట్టనొల్లని పేటలలో నివసించినవారు. నేడు మన ఆలయములలో కూర్చుండు అనేకుల పితరులు అట్టివారే. నీళ్లు పైనుండి పోయబడిన దోసిళ్లు వారివి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమువలన అస్పృశ్యతను రద్దుచేసినను, దాని చేదు ఇంకను మన ఊళ్లను విడిచిపోలేదు. ఒక మనిషిని ముట్టకుండుట యనగా అతని మనుష్యత్వమును కాదనుట యని మనకు ఏ పండితుడును బోధింపనక్కరలేదు. మన పితరుల దేహములు దానిని ఎరిగియుండెను.

హెబ్రీ భాషలో ముట్టుట యను క్రియనుండియే తెగులు, కుష్ఠుపొడ అను అర్థముగల మాట పుట్టినది. మన భాషలోను అంటు అను ఒక్క మాటనుండియే అంటువ్యాధియు, అంటరానితనమును వచ్చినవి. స్పర్శయందు మనుష్యుడు ఆదినుండి భయమునే చూచెను. ప్రభువు ఆ భయమునకు ఎదురుగా నడిచెను. కుష్ఠరోగి ఆయన యొద్దకు వచ్చి, ఆయనకు ఇష్టమైనచో తన్ను శుద్ధుని చేయగలడని వేడుకొనగా, ఆయన కనికరపడి చేయిచాపి వానిని ముట్టెను (మార్కు 1:40-42). స్వస్థపరచుటకు ముట్టనక్కరలేదు. శతాధిపతి దాసుని ఆయన దూరమునుండియే బాగుచేసెను. పదిమంది కుష్ఠరోగులను మాటతోనే పంపివేసెను. కావున ఆ స్పర్శ రోగము కొరకు కాదు, మనిషి కొరకు. శుద్ధుడైన పిమ్మట కాదు, శుద్ధుడు కాకమునుపే ఆయన ముట్టెను. ముసలితనపు వాసన, వణకు చేయి, చొంగకారు నోరు మనకు వెనుకంజ పుట్టించినప్పుడు ఈ క్రమమును తలంచుకొందము.

అపొస్తలుల పత్రికలు ఐదింటి చివర సహోదరులు పరిశుద్ధమైన, ప్రేమగల ముద్దుతో ఒకరికొకరు వందనములు చేసికొనవలెనను హెచ్చరిక కలదు. ముద్దు మన దేశమర్యాదకు ఒప్పదు. అందుచేత 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము 1950లో సిద్ధపరచిన ప్రభురాత్రి భోజన క్రమములో, కేరళ సిరియను క్రైస్తవుల ఆచారము ననుసరించి, చేతులలో చేతులుంచి సమాధానమును అందించుకొను పద్ధతిని చేర్చెను. వారమంతయు ఎవరి చేయియు తాకని విధవరాలికి ఆ ఒక్క క్షణమే స్పర్శ కావచ్చును. 2020లో వ్యాధి భయముచేత మనము ఆ చేతులను వెనుకకు తీసికొంటిమి; ఆనాడు దూరముగా నుండుటయే ప్రేమ. ఆ కారణము గతించినది. దూరము మాత్రము అలవాటుగా మిగిలియున్నచో దానిని పరీక్షించుకొనవలెను.

సంఘ పెద్దలు చేయదగిన పని ఇంకొకటి కలదు. ఆలయమునకు రాలేని వృద్ధుల పేర్లు వ్రాసికొని, రొట్టెయు ద్రాక్షారసమును ఇచ్చుటకు ఏడాదికి రెండుమారులు పోవుటతో సరిపెట్టక, వారమున కొక్కరైన వారియింట అరగంట కూర్చుండునట్లు క్రమము చేయవచ్చును. స్త్రీలయొద్దకు స్త్రీలు, పురుషులయొద్దకు పురుషులు పోయినచో మర్యాదకు లోపము రాదు. చేయి పట్టుకొనవచ్చునా యని కంటితోనైన అడిగి, వారు తమ చేయి ముందుకు తెచ్చిననే పట్టుకొనవలెను. బిడ్డలు దూరమున నున్నవారికి ఇది మరింత ముఖ్యము. ఒంటరియైనవారికి దేవుడు కుటుంబమిచ్చునని మనము పాడుకొను మాటలో, ఆ కుటుంబము మనమే.

అన్నిటికంటె సులువైన మార్గము వృద్ధులనుండి తీసికొనుట. మనము ఇచ్చువారము, వారు పుచ్చుకొనువారు అను భావము వారిని ఇంకను చిన్నబుచ్చును. యాకోబునకు కన్నులు మసకలుగా నుండినను మనుమలను దగ్గరకు తీసికొని ముద్దుపెట్టుకొని కౌగిలించుకొని, వారి తలలమీద చేతులుంచి దీవించెను (ఆది 48). సుమెయోను పసిబిడ్డను చేతులలోనికి ఎత్తుకొనెను (లూకా 2:28). మన పిల్లలు పరీక్షకు పోవునప్పుడు, ఉద్యోగమునకు ఊరు విడుచునప్పుడు, ఒక వృద్ధవిశ్వాసి యొద్ద మోకరించి తలమీద చేయి ఉంచి ప్రార్థింపుమని అడుగనీయుడు. “నన్ను ముట్టుము” అని అడుగలేని మనిషి, దీవింపుమని అడిగినచో సంతోషముతో చేయి చాచును. ఆ చేతిక్రింద నున్న బిడ్డకు ఎంత మేలో, ఆ చేతికిని అంతే మేలు.

పౌలు తిమోతికి వ్రాయుచు, 60 ఏండ్లకు తక్కువకాని విధవరాలిని సంఘపు లెక్కలో చేర్చుటకు ఆమెలో చూడవలసిన సత్క్రియలలో పరిశుద్ధుల పాదములు కడుగుటను ఒకటిగా చెప్పెను (1 తిమోతి 5:9-10). మన సంఘములలో అట్టి స్త్రీలు నేడును ఉన్నారు. పాస్టరమ్మగారికి పురుడు పోసినవారు, పరాయి బిడ్డలకు తలంటినవారు, చావు ఇండ్లలో రాత్రియంతయు మేలుకొని ఏడ్చువారిని పట్టుకొని కూర్చుండినవారు. ఇప్పుడు వారు మంచము దిగలేరు. వారి పాదములు ఎవరు కడుగుదురు? ఈ వారము ఆలయమునుండి ఇంటికి పోవు దారిలో అట్టి ఒక్క తల్లి గుమ్మము ఎక్కుడు. పండ్లు తీసికొనిపోయినను మంచిదే, పోకున్నను మంచిదే. మంచము ప్రక్కన కూర్చుండి, ఆమె చేయి మీ చేతికి వచ్చువరకు తొందరపడకుడు.